యూరప్ చిత్రాల్లో జూపిటర్‌ను గుర్తుపట్టడం ఎలా?

తరచూ వచ్చే ప్రశ్న ఒకటే: "గడ్డం ఉన్న పెద్దాయన ప్రతి పాత బొమ్మలోనూ ఉంటాడు. అందులో జూపిటర్ ఎవరో ఎలా తెలుస్తుంది?"

జూపిటర్ అంటే పాత రోమన్ల దేవతల రాజు. నా జవాబు కూడా ఒకటే. ముఖం చూడకండి. చాలా బొమ్మల్లో ఈయనగారు మనిషి రూపంలోనే ఉండడు. హంసగా ఉంటాడు, ఎద్దుగా ఉంటాడు, మబ్బుగా, బంగారు నాణేలుగా ఉంటాడు. ఒక్కోసారి ఆడదేవత వేషంలో కూడా ఉంటాడు. గడ్డం వెతుక్కుంటూ కూర్చుంటే అలాంటి బొమ్మల్లో ఆయన మనకు దొరకడు.

కింది అడుగులు ఇదే వరుసలో వెళ్లండి. వరుస మారిస్తే ఎక్కడ దెబ్బతింటామో చివర్లో చెప్తాను.

## 1. మొదలుపెట్టే ముందు

పేర్ల జత రాసి పెట్టుకోండి. ఒకే దేవుడికి రోమన్ పేరు ఒకటి, గ్రీకు పేరు ఒకటి. మ్యూజియం ఏది రాస్తే అది:

- జూపిటర్ = జ్యూస్
- జూనో (భార్య) = హెరా
- మెర్క్యురీ (దూత) = హెర్మిస్
- డయానా (వేట దేవత) = ఆర్టెమిస్
- నెప్ట్యూన్ (సముద్రం) = పొసైడన్

బృహస్పతి అని అనువదించుకోకండి. ఇది మన తెలుగువాళ్లకే ప్రత్యేకంగా వచ్చే తప్పు. గ్రహానికి ఆ పేరు సరే. కానీ బొమ్మలో ఉన్నాయన దేవగురువు కాదు, దేవతల రాజు. చేతిలో వజ్రాయుధం లాంటిది, మారువేషంలో పరస్త్రీ దగ్గరికి వెళ్లే అలవాటు... మనకు ఇంద్రుడు గుర్తుకొస్తే సహజమే. పేరు వరకే చూస్తే మాత్రం చుట్టరికం ఇంద్రుడితో కాదు, వేదాల్లోని ద్యౌష్పితతో. ఆ మాట, జూపిటర్ అన్న మాట ఒకే మూలం నుంచి వచ్చాయి.

నలుగురి పేర్లు గుర్తుంచుకోండి. 1610లో గెలీలియో గుర్తించిన గురుగ్రహపు నాలుగు పెద్ద చందమామలు స్కూల్లో చదివే ఉంటారు: అయో, యూరోపా, గనిమీడ్, కలిస్టో. నలుగురూ జూపిటర్ కన్నుపడ్డవాళ్లే. ఈ నాలుగు కథలు తెలిస్తే చాలా బొమ్మలు అర్థమైపోతాయి. 2016లో ఆ గ్రహం చుట్టూ తిరగడానికి చేరిన నాసా నౌక పేరు జూనో. మొగుడి మీద నిఘాకి భార్యను పంపినట్టే ఉంది.

రోమన్ కవి ఓవిడ్ కావ్యం దగ్గర పెట్టుకోండి. ఈ చిత్రకారుల్లో ఎక్కువమంది కథలు తీసుకున్నది ఆయన 'మెటమార్ఫసీస్' నుంచే. మొత్తం చదవక్కర్లేదు. అయో కోసం 1వ పుస్తకం, కలిస్టో, యూరోపా కోసం 2వది, సెమెలె కోసం 3వది, ఫిలెమన్ దంపతుల కోసం 8వది, గనిమీడ్ కోసం 10వది తిరగేస్తే చాలు.

పెద్ద ఫొటో తీసుకోండి. వాట్సాప్‌లో తిరిగే ఫొటోల్లో అంచులు కత్తిరించేసి ఉంటాయి. మనకు కావాల్సిన ఆధారం సరిగ్గా ఆ అంచుల్లోనే ఉంటుంది. చిత్రం ఏ మ్యూజియంలో ఉందో కనుక్కుని, వాళ్ల సైట్‌లో జూమ్ చేసే వీలున్న ఫొటో తెరవండి.

## 2. మొదటి అడుగు: చిత్రం పేరు చూడకుండా గద్దను వెతకండి

గద్ద జూపిటర్ పక్షి. నడిమధ్యలో కనబడుతుందనుకోకండి. అంచుల నుంచి లోపలికి రండి: పై మూలలు, మబ్బుల వెనక, చెట్ల నీడ, కాళ్ల దగ్గర.

దీనికి మంచి ఉదాహరణ రూబెన్స్ 1613లో గీసిన చిత్రం. జర్మనీలోని కాసెల్‌లో ఉంది. ఇద్దరు అమ్మాయిలు దగ్గరగా కూర్చుని ఉంటారు. ఒకరి చెయ్యి ఇంకొకరి గడ్డం కింద ఉంటుంది. ఒకామె నుదుటి మీద నెలవంక ఉంది కాబట్టి డయానా అనుకుంటాం. స్నేహితురాళ్లు కబుర్లు చెప్పుకుంటున్నారనే అనిపిస్తుంది.

ఇప్పుడు ఆమె వెనక చూడండి. గద్ద కనిపిస్తుంది. డయానాకి గద్దతో పనేమిటి? అంటే ఆమె డయానా కాదు. డయానా చెలికత్తె కలిస్టోని నమ్మించడానికి డయానా వేషం వేసుకున్న జూపిటర్. ఆ పక్షి ఒక్కటీ కనిపించగానే బొమ్మ అర్థం మొత్తం తిరగబడుతుంది.

ఫ్రెంచి చిత్రకారుడు బూషే ఇదే కథను పదేపదే గీశాడు. 1744 నాటిది మాస్కోలో, 1759 నాటిది అమెరికాలోని కాన్సస్ సిటీలో, 1763 నాటిది న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో ఉన్నాయి. పట్టుబట్టలు, గులాబీ రంగు చర్మం, బుల్లి మన్మథులు చూస్తూ ఉండిపోతే గద్ద తప్పిపోతుంది. ముందు దాన్ని పట్టుకోండి, తర్వాత తీరిగ్గా మిగతాది చూడొచ్చు.

## 3. రెండో అడుగు: పిడుగును గుర్తుపట్టడం నేర్చుకోండి

పిడుగు అంటే మనం ఆకాశంలో వంకర మెరుపు ఊహించుకుంటాం. పాత చిత్రాల్లో అది చేత్తో పట్టుకునే వస్తువు. మధ్యలో సన్నగా, పిడికిట్లో ఇమిడేలా ఉంటుంది. రెండు కొసల్లోనూ మంటలో, మెలితిరిగిన బాణాలో బయటికి పొడుచుకొస్తాయి. మన గుడి శిల్పాల్లో వజ్రాయుధం చూసినవాళ్లకు కొత్తగా అనిపించదు.

మూడు చోట్ల వెతకండి:

- ఆయన చేతిలో
- గద్ద కాలిగోళ్ల మధ్య
- పక్కన పడేసి ఉన్నట్టు, నేల మీద

మూడోది సరదాగా ఉంటుంది. డొస్సో డొస్సి 1520ల్లో గీసిన చిత్రం పోలండ్‌లోని క్రాకోవ్‌లో, వావెల్ కోటలో ఉంది. అందులో జూపిటర్ కుంచె పట్టుకుని బొమ్మ గీసుకుంటున్నాడు. గీసేది సీతాకోకచిలుకల్ని! పిడుగు కాళ్ల దగ్గర ఉంది. మొర పెట్టుకోవడానికి వచ్చిన స్త్రీని మెర్క్యురీ "ష్, సార్ పనిలో ఉన్నారు" అన్నట్టు పెదవుల మీద వేలు పెట్టి ఆపుతున్నాడు. ఆ పిడుగు చూడకపోతే ఎవరో చిత్రకారుడి బొమ్మ అనుకుని వెళ్లిపోతాం.

## 4. మూడో అడుగు: సొంత రూపంలోనే ఉన్నాడా?

ఇదే తేలికైన రకం కాబట్టి ఎక్కువసేపు ఆగక్కర్లేదు. దృఢమైన ఒళ్లు, గుబురు గడ్డం, సింహాసనం లేదా మబ్బు, రాజదండం, పక్కనే గద్ద.

అన్నీ ఒకేచోట కావాలంటే ఏంగ్ర్ 1811లో గీసిన 'జూపిటర్, థెటిస్' చూడండి. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎక్స్ పట్టణంలో ఉంది. మూడు మీటర్లకు పైగా ఎత్తు. జూపిటర్ కొండలా ఎదురుగా కూర్చుని ఉంటాడు. సముద్ర దేవత థెటిస్ మోకాళ్ల మీద వాలి, కొడుకు అకిలీస్ కోసం బతిమాలుతూ ఆయన గడ్డం దాకా చెయ్యి చాచింది. మనవాళ్లు బతిమాలేటప్పుడు గడ్డం పట్టుకున్నట్టే. ఆయన మాత్రం ఆమెకేసి చూడడు. ఎడమ అంచున మబ్బుల వెనక నుంచి జూనో ఇదంతా గమనిస్తోంది. మొదటిసారి చూసినప్పుడు ఆమె నాకు కనబడనే లేదు.

చేతుల్లో పసిపిల్లాడు ఉంటే? అది వేరే కథ. లండన్ నేషనల్ గ్యాలరీలో టింటొరెట్టో చిత్రం ఉంది, సుమారు 1575 నాటిది. జూపిటర్ గాల్లోంచి దూసుకొచ్చి, పసివాడైన హెర్క్యులిస్‌ను నిద్రలో ఉన్న జూనో రొమ్ము దగ్గర పెడతాడు. చిమ్మిన పాలు పైకెగిరి నక్షత్రాలవుతాయి, అదే పాలపుంత. గద్ద, పిడుగు, జూనో నెమళ్లు అన్నీ ఉన్నాయి. కొత్తవాళ్లు సాధన చెయ్యడానికి ఇంతకంటే మంచి బొమ్మ లేదు.

## 5. నాలుగో అడుగు: వేషాన్ని విప్పండి

అసలు పని ఇక్కడ. గడ్డం మనిషి లేడు, కానీ ఒక స్త్రీ, ఆమెతో ఏదో వింత ఉంది అనుకోండి. ఆ వింత ఏమిటో చూసి ఈ జాబితాతో పోల్చండి:

- తెల్ల కోడె, సముద్రం → యూరోపా
- హంస → లీడా
- బంగారు వాన → డానయీ
- మబ్బు → అయో
- నెలవంక పెట్టుకున్న "డయానా" + గద్ద → కలిస్టో
- మేకకాళ్ల సాటిర్ (సగం మనిషి, సగం మేకగా ఉండే అడవి జీవి), నిద్రపోతున్న స్త్రీ → ఆంటియోపి
- గద్ద ఎత్తుకుపోతున్న కుర్రాడు → గనిమీడ్
- ఇద్దరు బాటసారులు, ముసలి దంపతులు, బాతు → ఫిలెమన్, బాసిస్

ఇటలీలోని మాంటువా పాలకుడు ఫెడెరికో గొంజాగా కోసం కొరెజ్జో 1530 ప్రాంతంలో ఇలాంటివి నాలుగు గీశాడు. అయో, గనిమీడ్ వియన్నాలో ఉన్నాయి. లీడా బెర్లిన్‌లో, డానయీ రోమ్‌లో. వేషాలు నేర్చుకోవడానికి ఈ నాలుగూ చాలు.

అయో. నిలువుగా, ఇరుగ్గా ఉండే చిత్రం. అమ్మాయి వీపు మనవైపు ఉంది. చుట్టూ బూడిదరంగు మబ్బు, అంతే. ఇప్పుడు జూమ్ చేసి ఆమె నడుము దగ్గర చూడండి: మబ్బులోంచి పెద్ద చెయ్యి, ఎలుగుబంటి పంజాలా మెత్తగా చుట్టుకుని ఉంది. తర్వాత ఆమె ముఖం పక్కన చూడండి. పొగలోంచి ఒక ముఖం తేలుతోంది, ముద్దు పెట్టుకుంటోంది. చిన్న ఫొటోలో ఈ రెండూ కనబడవు. పెద్ద ఫొటో తీసుకోమన్నది అందుకే.

డానయీ. ఎక్కువ గందరగోళం ఇక్కడే. తండ్రి బంధిస్తే జూపిటర్ బంగారు వానగా దిగాడని కథ. అయితే బంగారాన్ని ఒక్కో చిత్రకారుడు ఒక్కోలా చూపిస్తాడు. 1527లో గొసార్ట్ గీసిన మ్యూనిక్ చిత్రంలో సన్నటి జల్లులా పడుతుంది. నీలం వస్త్రంలో ఆ అమ్మాయి మరియమ్మలా ఉంటుంది. టీషన్ చిత్రాల్లో నాణేలే రాలతాయి. మాడ్రిడ్ ప్రాడోలో ఉన్నదాంట్లో ముసలి దాది కొంగు పట్టినట్టు ఏప్రన్ పట్టుకుని వాటిని ఏరుకుంటోంది.

రెంబ్రాంట్ 1636లో మొదలుపెట్టిన చిత్రానికి వస్తే నాణేలూ లేవు, వానా లేదు! సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్‌లో ఉన్న ఆ బొమ్మలో పక్క మీద స్త్రీ చెయ్యి చాచి చూస్తుంటే, తెర పక్కనుంచి పసుపు వెలుగు లోపలికి వస్తుంది. ఆ వెలుగే జూపిటర్. ఈమె అసలు డానయీయేనా అని పండితులు కూడా వాదించుకున్నారు, తప్పు మనది కాదు. 1985లో ఒకడు దీని మీద కత్తితో, యాసిడ్‌తో దాడి చేశాడు. బాగుచేసి మళ్లీ జనానికి చూపించేసరికి 1997 వచ్చింది.

యూరోపా. కోడె కొమ్ములకు పూలదండ ఉందా అని చూడండి. ఆ తర్వాత కథలో ఏ క్షణమో తేల్చుకోండి. వెనిస్ డ్యూక్ భవనంలోని వెరొనేజె చిత్రంలో అమ్మాయి ఇంకా ఒడ్డునే ఉంది, ఎద్దు ఆమె పాదం నాకుతోంది. అదే చిత్రంలో కుడివైపు దూరంగా మళ్లీ ఆమే సముద్రం వైపు పోతూ, ఇంకా దూరంగా నీళ్లలోనూ కనిపిస్తుంది. ముగ్గురు యూరోపాలు లేరు, ఒకే కథను ముక్కలుగా చూపించాడు. బోస్టన్‌లోని టీషన్ చిత్రంలో, 1560-62 నాటిది, ఎద్దు నడిసముద్రంలో ఉంది. అమ్మాయి జారిపోతూ కొమ్ము పట్టుకుంది. నేస్తాలు ఒడ్డున చుక్కల్లా కనబడుతున్నారు.

ఇలాంటివాటి ఇంగ్లిషు పేర్లలో 'రేప్' అన్న మాటకు పాత అర్థం ఎత్తుకుపోవడం. తెలుగులో 'అపహరణ' అని రాస్తే సరిపోతుంది. కానీ వీటిని 'ప్రేమలు' అని రాయడం నాకు ఇష్టం ఉండదు. యూరోపా ముఖం చూశాక ఆ మాట ఎలా వస్తుంది?

గనిమీడ్. కొరెజ్జో గీసినవాడు అందమైన కుర్రాడు, కింద కుక్క ఒంటరిగా పైకి చూస్తుంటుంది. రెంబ్రాంట్ 1635లో గీసినవాడు, డ్రెస్డెన్‌లో ఉన్నాడు, బొద్దు పసివాడు. గద్ద ఎత్తుకుపోతుంటే గుక్కపట్టి ఏడుస్తూ భయంతో ఉచ్చ పోస్తున్నాడు. దేవుడి బొమ్మల్లో ఇంత నిజం అరుదు.

ఫిలెమన్, బాసిస్. అతిథి రూపంలో దేవుడొచ్చే కథ మనకు కొత్త కాదు. ఇక్కడ గద్ద కోసం వెతికి టెన్షన్ పడకండి, బాతును చూడండి. ఇంట్లో ఉన్న ఒక్క బాతునూ అతిథులకు కోసిపెట్టబోతారు ఆ ముసలివాళ్లు. రెంబ్రాంట్ 1658 చిత్రం వాషింగ్టన్‌లో ఉంది.

## 6. ఐదో అడుగు: పక్కనున్నవాళ్లతో సరిచూసుకోండి

ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకండి, రెండోది కావాలి. రెక్కల టోపీ ఉంటే మెర్క్యురీ. నెమళ్లుంటే జూనో, అంటే ఎవరో దొరికిపోయారన్నమాట.

పీటర్ లాస్ట్‌మన్ 1618లో గీసిన లండన్ చిత్రం అచ్చంగా దొరికిపోయిన క్షణమే. జూనో నెమళ్లతో దిగింది. జూపిటర్ అప్పటికే అయోను తెల్ల పెయ్యగా మార్చేశాడు. ఆయనతో పాటు మన్మథుడు, ముసుగు మొహంవాడు (మోసానికి మనిషి రూపం) కలిసి గబగబా దాని మీద గుడ్డ కప్పేస్తున్నారు. అంత పెయ్యను దుప్పటి కింద దాచేద్దామన్న ఆశ చూస్తే నవ్వాగదు.

## 7. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

గద్ద కనబడగానే జూపిటర్ అనేయడం. ఈ తప్పు నేనూ చేశాను, అదీ పదిమందికి వివరిస్తూ. పక్కన పుస్తకమో, సిరాబుడ్డో ఉంటే ఆయన సువార్త రాసిన సెయింట్ జాన్. బండకు కట్టేసిన మనిషి కాలేయం పొడుస్తుంటే ప్రొమీథియస్. గద్దకు గిన్నెతో తాగిస్తున్న అమ్మాయి అయితే హెబె. రెండు తలల గద్ద రాజవంశ చిహ్నం.

ఆకాశంలో తెల్లగడ్డం. తల వెనక త్రిభుజాకారపు కాంతి, తెల్ల పావురం, సిలువ ఉంటే క్రైస్తవుల తండ్రి దేవుడు.

త్రిశూలం. మూడు మొనలుంటే నెప్ట్యూన్. పక్కన మూడు తలల కుక్క ఉంటే ప్లూటో. కొడవలి ఉంటే జూపిటర్ తండ్రి శాటర్న్.

సాటిర్ అంటే జూపిటరే అనుకోవడం. ఇది పెద్ద మ్యూజియాలనే ముప్పుతిప్పలు పెట్టింది. లూవ్ర్‌లోని కొరెజ్జో చిత్రాన్ని చాలాకాలం 'జూపిటర్, ఆంటియోపి' అనే పిలిచారు. ఇప్పుడు దాన్ని వీనస్, సాటిర్, క్యూపిడ్ అంటున్నారు. మరి గెంట్ నగరంలోని వాన్ డైక్ చిత్రంలో సాటిర్ పక్కన గద్ద ఉంది కాబట్టి అక్కడ అనుమానమే లేదు. మేకకాళ్లు మాత్రమే ఉంటే 'కావచ్చు' అనండి. గద్ద కూడా ఉంటే 'అవును' అనండి.

జూపిటర్ వేషంలో రాజు. ముఖం మరీ ఫలానా మనిషిలా ఉంటే ఆగండి. వెర్సాయ్‌లో పిడుగు పట్టుకుని కూర్చున్న కుర్ర జూపిటర్ నిజానికి ఫ్రాన్స్ రాజు 14వ లూయీ. తిరుగుబాటును అణిచినందుకు వేసుకున్న వేషం అది.

గడ్డం లేదు కాబట్టి కాదు అనడం. గుస్తావ్ మొరో 1895లో ముగించిన 'జూపిటర్, సెమెలె' పారిస్‌లో ఆయన ఇంటి మ్యూజియంలోనే ఉంది. అందులో జూపిటర్ గడ్డం లేని యువకుడు. ఆయన అసలు రూపపు తేజస్సు తట్టుకోలేక ఒళ్లో కాలిపోతున్న సెమెలెను చూసి పట్టుకోవాలి.

విగ్రహం చేతిలో ఉన్నదాన్ని నమ్మేయడం. లూవ్ర్‌లోని 'స్మిర్నా జూపిటర్' 1680లో దొరికిన పాత రోమన్ శిల్పం. పిడుగు ఎత్తిన చెయ్యి మాత్రం తర్వాత ఫ్రాన్స్‌లో గ్రానియె అనే శిల్పి అతికించింది. విగ్రహాల్లో భుజం, మణికట్టు దగ్గర అతుకు గీత కోసం చూడండి.

ముందే పేరు చదవడం. వరుస మారిస్తే తగిలే దెబ్బ ఇదే. పేరు చదివాక కళ్లు వెతకడం మానేస్తాయి. పేరేమో తప్పయి ఉండొచ్చు, పై సాటిర్ బొమ్మలాగా.

## 8. ఫోన్‌లో దాచుకునే చెక్‌లిస్ట్

- [ ] పెద్ద ఫొటో తెరిచాను, అంచులు పూర్తిగా ఉన్నాయి
- [ ] పేరు ఇంకా చదవలేదు
- [ ] నాలుగు మూలలూ, మబ్బులూ చూశాను: గద్ద?
- [ ] చేతిలో, గోళ్లలో, నేల మీద: పిడుగు?
- [ ] మనిషి రూపమా, వేషమా?
- [ ] వేషమైతే: జంతువు, మబ్బు, వెలుగు, నాణేలు, ఆడరూపం?
- [ ] నెమలి, రెక్కల టోపీ, బాతు?
- [ ] పుస్తకం, పావురం, త్రిశూలం లేవని చూశాను
- [ ] కథలో ఇది ఏ క్షణం?
- [ ] ఇప్పుడు పేరు చదివి సరిచూసుకున్నాను

## 9. సాధన కోసం ఒక బొమ్మ

ముందు టింటొరెట్టో, తర్వాత రూబెన్స్ కలిస్టో, ఆపైన కొరెజ్జో అయో చూడండి. ఈ మూడూ అయ్యాక ప్రాడో మ్యూజియం సైట్‌లో వెలాస్కెజ్ గీసిన 'నూలు వడికేవాళ్లు' తెరవండి.

ముందు భాగంలో రాట్నం, దారాలు, పనిచేసుకునే ఆడవాళ్లు. ఏ దేవుడూ కనబడడు. చాలాకాలం దీన్ని నేతశాల బొమ్మ అనే అనుకున్నారు. గద్ద కోసం వెతకకండి, లేదు. వెనక వెలుగు పడుతున్న గదిలోకి జూమ్ చెయ్యండి. గోడకు ఒక పెద్ద తెర వేలాడుతోంది. ఓవిడ్ 6వ పుస్తకంలో అరాక్నె అనే నేతగత్తె చేతిపనుల దేవత మినర్వాతో పోటీపడి నేసిన తెర అది. దాని మీద మసకమసగ్గా ఉన్న బొమ్మ మీరు ఇప్పటికే చూశారు: టీషన్ యూరోపా. అక్కడ ఆ అమ్మాయి కింద తెల్లగా కనిపిస్తున్నదే జూపిటర్.